టిక్కెట్టు చాలదా, ఫీజెందుకు?

ఈ వారం టపాలో ఓ ఉత్తరం నన్ను ఇరుకున పెట్టింది. ఇంటర్ ప్యాసైన కుర్రాడు. సినిమా డిగ్రీలో చేరతానంటే వాళ్ళ నాన్నగారు ఒకటే మాట అన్నారట: "సినిమా చూడ్డానికి టిక్కెట్టు చాలదుట్రా, మళ్ళీ ఫీజెందుకు?" ఆ ఫీజు కట్టాలంటే అరెకరం అమ్మాలి. "మీరే చెప్పండి సార్, అక్కడ ఏం నేర్పుతారు?" అని అడిగాడు.

తమ్ముడూ, పొలం సంగతి కాబట్టి డొంకతిరుగుడు లేకుండా చెబుతాను. ఛాన్సులు ఇప్పించరు. కాలేజీ బ్రోచరు మీద ఏ హీరో ఫోటో ఉన్నా సరే! అక్కడ ముఖ్యంగా నేర్పేది చూడటం.

"అది నాకు రాదా?" అంటావు. సరే, 'మాయాబజార్' (1957) ఎన్నిసార్లు చూసుంటావు? శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి నడుస్తుంటే హాలంతా ఈలలు. మనమూ వేశాం. క్లాసులో మాత్రం ఈల అయ్యాక మాస్టారు బొమ్మ ఆపుతారు. నడక తెలియాలంటే కాళ్ళు కనపడాలి. కళ్ళలో కొంటెతనం తెలియాలంటే ముఖం దగ్గరికి రావాలి. మరి కె.వి. రెడ్డిగారు ఎప్పుడు దూరంగా ఉన్నారు, ఎప్పుడు దగ్గరికొచ్చారు? మార్కస్ బార్ట్లే కెమెరా ఎక్కడ పెట్టారు? ఒక్కో షాటూ ఎన్ని సెకన్లు? అన్నీ రాసుకురమ్మంటారు. మూడు నిమిషాల సీనుకి మూడు రాత్రులు పడుతుంది. నాలుగోసారికి విసుగు. పదోసారికి... అరె, ఇన్నాళ్ళూ ఇది నా కంట పడలేదే అనిపిస్తుంది!

ఇది నిన్నా మొన్నా పుట్టిన చదువు కాదు. 1919లో మాస్కోలో సినిమా స్కూలు పెట్టారు. ముడి ఫిల్ము దొరకని రోజులవి. కులెషోవ్ అనే గురువూ, ఆయన శిష్యులూ ఉన్న ఫిల్మునే ముక్కలు కోసి, మళ్ళీ అతికించి పాఠాలు నేర్చుకున్నారు. ఆయన ప్రయోగం ఒకటి ఫిల్ము క్లాసుల్లో ఇప్పటికీ చెబుతారు. ఒక నటుడి ముఖం, ఏ భావమూ లేనిది. దాని పక్కన సూపు గిన్నె అతికిస్తే జనం "ఆకలి ఎంత బాగా నటించాడో" అన్నారట. శవపేటిక అతికిస్తే "ఎంత దుఃఖమో" అన్నారట. మారింది ముఖం కాదు బాబూ, పక్క షాటు! ఇది తెలిశాక నీ అభిమాన నటుడి మీద అనుమానం వస్తే నా పూచీ లేదు.

ఆ తర్వాత నలుగురికి ఓ కెమెరా ఇచ్చి ఐదు నిమిషాల చిత్రం తీయమంటారు. నలుగురూ డైరెక్టర్లే, మైకు పట్టేవాడుండడు! ఫ్యాను చప్పుడు డైలాగుని మింగేశాక గానీ ఆ మైకు విలువ తెలీదు.

చేరేముందు మాత్రం ఒకటి కనుక్కో. కొన్నిచోట్ల సినిమా చూసి రాసే చదువు, కొన్నిచోట్ల తీసే చదువు. తీసేదైతే, ఒక్కో కెమెరాకి ఎంతమంది? ఇంకో దారీ ఉంది. 1960లో ప్రభాత్ స్టూడియో ఆవరణలో మొదలైన పూణే ఇన్‌స్టిట్యూట్‌లో దర్శకత్వం చదవాలంటే ముందు డిగ్రీ ఉండాలి. బి.కాం. అయినా ఫరవాలేదు. అంచేత అరెకరం మూడేళ్ళు ఆగొచ్చు.

అన్నట్టు, స్పీల్‌బర్గ్‌ని పేరున్న ఫిల్ము స్కూలు చేర్చుకోలేదు. లాంగ్‌బీచ్‌లో చేరి, మధ్యలో మానేసి సినిమాల్లోకి వెళ్ళిపోయాడు. మళ్ళీ పట్టుబట్టి 2002లో బి.ఏ. పూర్తిచేశాడు. విద్యార్థి చిత్రం చూపించాలంటే 'షిండ్లర్స్ లిస్ట్' (1993) ఇచ్చాడు. ప్యాస్! ఈ కథ మీ నాన్నగారికి చెప్పు. అయితే సగమే చెప్పకు, మానేసిన సంగతీ చెప్పు.

ఈలోగా ఫోనులో ఆ సావిత్రి నడక ఆపి ఆపి చూసి, షాట్లు లెక్కపెట్టి రాసి పంపు. నేనూ లెక్కపెట్టి ఉంచుతాను.