బొంగరము తగిలిన కాలు

కార్తీకమాసపు అమావాస్యతో కారెంపూడిలో ఆరంభమగు పల్నాటి వీరారాధనోత్సవము రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అను పేర్లతో అయిదు దినములు సాగును. నాలుగవనాడు బ్రహ్మనాయుని పక్షమువారును నాగమ్మ పక్షమువారును ఎదురెదురుగా నిలిచి చెరియొక పుంజును బరిలోనికి విడుతురు. గెలుపెవరిదో పండ్రెండవ శతాబ్దమునందే తేలిపోయినను, వీరవిద్యావంతుల నోట ఆ కథను పుట్టినది మొదలు వినుచున్నను, చుట్టును మూగిన జనము మునివేళ్లపై నిలిచి మెడలు సాచి చూచుట మానరు. ఇప్పుడు ఆ తలలపైన ఫోన్లు పట్టిన చేతులు కూడ లేచుచున్నవి. వానిని చూచి విసుగుకొను పెద్దలు కలరు. నేను వారిలో చేరను. 1947లో కన్నాంబయు 1966లో భానుమతియు నాగమ్మగా నటించిన చలనచిత్రములు ఈ కోడిపోరును పల్నాటి పొలిమేర తొక్కనివారికి సైతము చూపినవి. అందువలన కారెంపూడికి వచ్చు జనము తగ్గలేదు. నేడొక కుర్రవాడు ఆ పోరును టెక్సాసులోనున్న మేనమామ కొడుకునకు అప్పటికప్పుడు చూపుచున్నచో, అందు నాకు దోషమేమియు కనబడదు.

ఆటలు మనుష్యులను కలుపునని బహుమతి ప్రదాన సభలలో చెప్పు మాట పల్నాటివాని నోట అంత సులభముగా రాదు. సవతి సోదరులైన నలగామరాజు మలిదేవుల నడుమ రాజ్యము చీలి, గురజాల యొకరికి మాచర్ల యొకరికి అయిన పిదప, నలగాముని మంత్రిణి నాగమ్మతో శివంగిడేగ, చిట్టిమల్లు అను రెండు పుంజులపై ఒక రాజ్యమునే ఒడ్డి, ఓడినవారు ఏడేండ్లు దేశము విడిచి పోవలెనని నిండుసభలో పలికి, పందెమోడి, ఆ పలుకునకు కట్టుబడి మలిదేవుని మంత్రి బ్రహ్మనాయుడు అతనితో మాచర్లను విడిచెను; గడువు తీరిన పిమ్మట రాజ్యభాగము నడుగ రాయబారిగా వచ్చిన అలరాజు, నలగామునకు స్వయముగా అల్లుడై యుండియు, ప్రాణములతో మరలిపోలేదు; తక్కిన కథ కారెంపూడి రణభూమిలో ముగిసెను. కనుక పూర్వపు ఆట అమృతమనియు నేటి ఆట విషమనియు వ్రాయుటకు నాకు కలము సాగదు. ఆనాటి ఆటలో చుట్టరికము, పగ, పరువు పాలు మించి నిండియుండెను. అందువలననే అది నెత్తుటికి దారితీసెను. నేటి ఆటలోని లోపము సరిగా దానికి ఎదురుదిక్కున నున్నది.

ఆ దిక్కేదో బ్రహ్మనాయుని కొడుకు బాలచంద్రుని కథయే చూపును. తల్లి ఐతమ్మ కొడుకునకు యుద్ధవార్త సోకనీయక తోడివారితో బొంగరములాటకు పంపినదనియు, ఆ బొంగరము గురి తప్పి ఒక వైశ్యకన్య కాలికి తగిలి గాయమైనదనియు, ఆ పిల్ల ఏడ్చి ఊరకుండక, తండ్రి రణభూమిలో నుండగా నీకిక్కడ ఆటలా యని నిలదీసినదనియు కథకులు చెప్పుదురు. మేడలో నున్నవారు ఎవ్వరును చెప్పని నిజమును, ఆటలో దెబ్బతిన్న పరాయిపిల్ల చెప్పినది. వీథిలో ఆడు ఆటకు ఈ గుణము కలదు: ఎవరి కాలో ఒకటి అడ్డు వచ్చును, ఆ కాలు గలవారికి నోరుండును. రచ్చబండపై గీసిన పులిజూదమునకైనను ఆడువారిద్దరు, తప్పులెన్నువారు పదిమంది. పేకాటకైనను ఒక చాప కావలెను. ఓడుచున్నవాని భార్య వచ్చి ఆ చాపను లాగి అవతల పారవేయగలదు. ఫోనులోని రమ్మీకి చాప లేదు.

మాచర్ల బస్టాండులో టీ గ్లాసు చల్లారిపోవుచుండ బొటనవ్రేలితో తెరను నెట్టుచు నిలిచిన కుర్రవానిని చూడుడు. ఎదుటివాడెవడో వానికి తెలియదు. మనుష్యుడో యంత్రమో కూడ తెలియదు. జేబులోనుండి నోట్లు తీసి లెక్కపెట్టునప్పుడు చేతికి తగులు సంకోచము సైతము లేదు. అంకె యొకటి మారును, అంతియే. "ఎంత పోయిందిరా?" అని అడిగితిరా, "ఏం లేదు బాబాయ్, ఊరికే టైంపాస్" అనును. ఇంటికి పోవువరకు వాని ముఖమును చదువగలవారు లేరు. ఇంటిలోనివారు తమ తమ తెరలను చదువుకొనుచుందురు.

ఇంతటితో ఆగినను కొంత మేలే. పోయినదానిని తిరిగి రాబట్టుటకు అప్పు కావలెను. అప్పిచ్చు యాపు కూడ ఆ తెరపైననే యుండును. పూచీకత్తు అడుగదు, పొలము కాగితములు అడుగదు; ఫోనులోని పేర్లపట్టికను చూచుకొనుటకు అనుమతి మాత్రము అడుగును. కిస్తీ తప్పిననాడు ఆ పట్టికలోని పిన్నమ్మకు, బావమరిదికి, చదువు చెప్పిన మాష్టారికి ఫోన్లు పోవును, వాట్సాపులో దుర్భాషలు పోవును. 2020 చివరి మాసములలో తెలుగునాట ఈ వేధింపులకు తాళలేక ప్రాణములు తీసుకొన్నవారి వార్తలు మనము చదివితిమి. ఆడునప్పుడు అక్కరకు రాని చుట్టములందరును అప్పు వసూలునాడు ఒక్కమారుగా పనికివచ్చిరి! నాగమ్మ తంత్రములను తరతరములుగా తిట్టుకొనుచున్న మనము ఇంతటి తంత్రమును ఆమెకు అంటగట్టలేము.

ప్రభుత్వములు ఊరకుండలేదు. 1974నాటి గేమింగు చట్టమును 2020లో సవరించి మన రాష్ట్రము ఆన్‌లైన్ జూదమును నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలన్నిటిని దేశమంతట నిషేధించు చట్టమును చేసినది. మంచిదే. కాని ఆ కుర్రవాని సాయంకాలమునకు చట్టము మరియొక ఆట చూపలేదు.

యంత్రము ఆటలోనికి వచ్చిన మాత్రమున మనుష్యులు విడిపోవలెనని లేదనుటకు కోటప్పకొండ నాకు సాక్ష్యము. శివరాత్రికి నరసరావుపేట, చిలకలూరిపేట ప్రాంతముల గ్రామములనుండి ఆ కొండ పాదమునకు చేరు ప్రభలలో కొన్ని ఎనుబది, తొంబది అడుగుల ఎత్తుండును. వెదుళ్లు, దూలములు కట్టి, రంగుగుడ్డలు చుట్టి, ఎడ్లబండ్లపై లాగుకొనిపోయిన నాటి ప్రభకు నేడు వేలకొలది విద్యుద్దీపములు, జనరేటరు, ట్రాక్టరు, మైకు చేరినవి. ఆ రికార్డింగు డాన్సుల గోల నాకు గిట్టదు, అది వేరుమాట. కాని ఆ ప్రభ కదలుటను దగ్గరనుండి చూడుడు: నలువైపుల మోకులు పట్టిన యువకులు ఒకరు బిగింపగా ఒకరు సడలించుచు, చక్రము గుంటలో దిగినప్పుడెల్ల పైనున్న శిఖరము ఒరుగకుండ కాయుదురు, దారిలో అడ్డమైన కరెంటు తీగలను ముందుగా తొలగింతురు. మోకు పట్టిన ఇద్దరి నడుమ గట్టు తగవుండవచ్చును, ఆ నాలుగు మైళ్లు మాత్రము ఒకని పట్టుపై మరియొకని తల యాధారపడియుండును. పొరుగూరి ప్రభకంటె అడుగైనను ఎత్తు కట్టవలెనను పంతమును గూడ నేను దోషముగా నెన్నను. కాకి వాలదని ప్రతీతిగల ఆ కొండపైకి సెల్లు తరంగము నిరాటంకముగా చేరుచున్నది. "చేదుకో కోటయ్యా" అను కేక దానివలన తగ్గలేదు.

ఎడ్ల బండలాగుడు పందెములును అట్టివే. పాలపళ్లు, రెండుపళ్లు, నాలుగుపళ్లు అని విభాగములు చేసి, నిముషములలో ఎన్ని అడుగులు లాగినవో కొలుచు ఆ పోటీ నేడు యూట్యూబులో ప్రసారమగుచున్నది. అందువలన ఒంగోలు గిత్తను మేపువాని పేరు జిల్లా దాటి వినబడుచున్నది.

ప్రభల కమిటీలవారితో నాకొక చిన్న తగవు కలదు. ఇటీవల చందాకు క్యూఆర్ కోడును వాట్సాపు గ్రూపులో పెట్టి కూర్చొనుట అలవాటగుచున్నది. పూర్వము కుర్రవాండ్రు పుస్తకము పట్టుకొని గడప గడపకు తిరిగి, ఒక ముసలమ్మ తిట్లు తిని, మరియొక ఇంట మజ్జిగ త్రాగి, నిరుడు మాటలు మానిన ఇంటిముందు కొంతసేపు తటపటాయించి, చివరకు తలుపు తట్టెడివారు. అమెరికాలోనున్నవారికి ఆ కోడును నిశ్చింతగా పంపుడు. ఊరిలోని ఇండ్లకు మాత్రము ఈ శివరాత్రికి నడచిపొండు. "ఫోనులో వేస్తాలే, పో" అని ఎవరైన అనినచో, అరుగుమీద కూర్చొని వేయువరకు కదలవద్దు.

— నాగులేటి బాటసారి