సంచి ఒక్కటే తీశారా?

మా పాతపట్నంలో గర్భసంచి ఆపరేషన్ గురించి పన్ను పీకించుకున్నంత మామూలుగా చెప్పుకుంటారు. తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పనో వెళ్తారు. స్కానింగు తీస్తారు. "పిల్లలు పుట్టేశారు కదమ్మా, ఇంక దాంతో పనేముంది? ఉంచుకుంటే కేన్సరొస్తుంది" అంటారు. అంతే, వారంలో కుట్లు.

మా పిన్నికి 34 ఏళ్ళకే ఇది జరిగింది. మొన్న సంక్రాంతికి ఊరెళ్తే, పెరట్లో ఎవరూ లేకుండా చూసి చెప్పింది. "నాకేటో అయిపోనాదే. ఒళ్ళంతా ఆవిర్లు. మీ చిన్నాన్న దగ్గరికొస్తే మంట. వొద్దంటే నా మనసు మరెక్కడో ఉందంటాడు."

ఆ రాత్రి ఆవిడ ఆసుపత్రి ఫైలు చూశాను. డిశ్చార్జి కాగితం మీద "టీఏహెచ్ విత్ బీఎస్ఓ" అని ఉంది. పొట్ట కోసి గర్భసంచి తీశారు, దాంతోపాటు రెండు అండాశయాలూ తీశారు అని దానర్థం. పిన్ని నమ్మలేదు. "సంచి ఒకటే కదే తీసినారు, మరేటీ తియ్యనేదు" అంది. ఆపరేషన్ కాగితం మీద సంతకం ఆవిడదే. చదివి చెప్పినవాళ్ళే లేరు.

బీఎస్ఓ అనే ఆ మూడక్షరాల మీదే నా పేచీ.

అండాశయం అండాలు దాచుకునే డబ్బా మాత్రమే కాదు. ఈస్ట్రోజెన్ అక్కడే తయారవుతుంది. యోని గోడ మెత్తగా, తడిగా ఉండటానికి, అక్కడ రక్తం సరిగ్గా ఆడటానికి అదే ఆధారం. ఆడవాళ్ళ ఒంట్లోనూ టెస్టోస్టెరాన్ ఉంటుంది, కోరికలో దానికీ వాటా ఉంది. అందులో సుమారు సగం అండాశయాల నుంచే వస్తుంది. ముట్లు వాటంతటవే ఆగిపోయేటప్పుడు ఈ మార్పు కొన్నేళ్ళపాటు మెల్లగా జరుగుతుంది. రెండూ కోసి తీసేస్తే రోజుల్లో జరుగుతుంది. కలయికలో నొప్పి, మూత్రంలో మంట, నిద్ర లేకపోవడం, ముందు ముందు ఎముకలు గుల్లబారడం. పిన్ని మనసు ఎక్కడికీ పోలేదు. ఆవిడ శరీరంలోంచి ఈస్ట్రోజెన్ పోయింది.

ఇది ఒక్క మా పిన్ని కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో ముందు వరస మనదే. మన ఆడవాళ్ళ గర్భసంచులకే ప్రత్యేకంగా ఏదో తెగులుందా? అవసరం లేని ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలని మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే రాష్ట్రాలకి చెప్పాల్సొచ్చింది.

నేను ఆపరేషన్లకి వ్యతిరేకిని కాను. కేన్సరుంటే, మందులకి లొంగని రక్తస్రావం ఉంటే అది ప్రాణం నిలబెడుతుంది. కానీ తెల్లబట్టకి చాలాసార్లు కారణం ఇన్ఫెక్షను. దానికి మాత్రలున్నాయి. "వాళ్ళే అడిగి చేయించుకుంటారండీ" అంటారు. అడుగుతారు. నెలకి నాలుగు రోజులు కూలి పోతుంటే, ముట్టయితే మూల కూర్చోబెడుతుంటే ఎందుకు అడగరు? తర్వాత పడక మీద ఏమవుతుందో చెప్పకుండా తీసుకున్న ఒప్పుకోలుని మాత్రం ఒప్పుకోలు అనకండి.

ఇప్పుడు మన సంగతి. 1927లో వచ్చిన 'మైదానం' గురించి మనం ఇప్పటికీ గంటలు గంటలు మాట్లాడతాం. స్త్రీ కోరికని స్వేచ్ఛ అంటాం, తిరుగుబాటు అంటాం. అదే కోరిక ఆపరేషన్ బల్ల మీద పోతే మాత్రం అది సాహిత్యం కాదు, "ఆరోగ్య శీర్షిక". కోరిక అంతా హార్మోన్లేనని నేననను. అలసట ఉంటుంది, మొగుడి నోరు ఉంటుంది, నొప్పెడుతుందన్న భయం ఉంటుంది. కానీ శరీరాన్ని వదిలేసి శరీర రాజకీయాలు మాట్లాడితే, పిన్నికి దొరికేది చిన్నాన్న అనుమానమే.

వైద్యం లేదా అంటే ఉంది. యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీములున్నాయి. చిన్న వయసులో అండాశయాలు తీసేస్తే, రొమ్ము కేన్సర్ లాంటి అడ్డంకి లేనప్పుడు, మామూలుగా ముట్లాగే వయసు దాకా ఈస్ట్రోజెన్ ఇవ్వాలనే వైద్య సంస్థలు చెబుతున్నాయి. 2002లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంతో హార్మోన్లంటే భయం పట్టుకుంది. అందులో పాల్గొన్నవాళ్ళ సగటు వయసు 63. ఆ భయాన్ని తెచ్చి 34 ఏళ్ళామె మీద రుద్దడమేంటి?

పిన్నిని శ్రీకాకుళం తీసుకెళ్ళి వేరే డాక్టరమ్మకి చూపించాను. చిన్నాన్ననీ లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. మంట తగ్గింది. ఇన్నేళ్ళ మాటలు మాత్రం ఏ క్రీముకీ తగ్గవు.

ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ అమ్మ ఫైలో, అత్త ఫైలో అడిగి తీసి చదవండి. ఏమేం తీశారో వాళ్ళకి తెలుగులో చెప్పండి. తిరుగు బస్సులో పిన్ని చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. టెక్కలి దాటాక అంది: "ఈ ముక్క అప్పుడే సెప్తే ఆలకేటి పోయీదే?"