తైలానికి ముందు తుంటి పరీక్ష

‘నడుము నొప్పి’ అనే మాటలో మన ఇళ్లలో ఎన్నో బాధలు ఇమిడిపోతున్నాయి. పిరుదు నొప్పి అయినా, గజ్జ నొప్పి అయినా, తొడ లాగుతున్నా పేరు అదే; నువ్వుల నూనె, వావిలాకు కాపడం కూడా అవే. ఈ చికిత్సలపై నాకు అగౌరవం లేదు. అయితే బాధ ఏ కీలుదో తేల్చకుండా తైలం చేతికివ్వడాన్ని ఆయుర్వేదమనడానికి మనస్సు అంగీకరించదు. దర్శన, స్పర్శన, ప్రశ్నలనే త్రివిధ పరీక్షను విధించిన శాస్త్రమది.

తుంటి కీలును సుశ్రుతుడు ఉలూఖల సంధులలో చేర్చాడు. ఉలూఖలమంటే రోలు. తొడ ఎముక గుండ్రని తల, కటి ఎముకలోని లోతైన గుంటలో ఇమిడి అన్ని దిక్కులకూ తిరుగుతుంది. పక్కన చేతికి తగిలే ఎముక గడ్డే ఆ కీలని చాలామంది భావిస్తారు. నిజానికి అది గజ్జ మడతకు వెనుక, లోతున ఉంటుంది. అందుచేత ఆ కీలు చెడినప్పుడు నొప్పి సాధారణంగా గజ్జలోనే తెలుస్తుంది. ఒక్కొక్కప్పుడు మోకాలిలో మాత్రమే తెలుస్తుంది. పది, పదిహేనేళ్ల మధ్య పిల్లవాడు మోకాలు నొప్పి అని కుంటుతుంటే తుంటిని తప్పక చూడాలి. తొడ ఎముక తల ఎదుగుదల పొర వద్ద జారిపోయే జబ్బు ఆ వయస్సులోనే వస్తుంది.

గృధ్రసి వేరు. అది పిరుదు వద్ద మొదలై తొడ, పిక్కల మీదుగా పాదం దాకా పాకుతుంది. అందులో కాలు ఎత్తడం కష్టమవుతుందని సుశ్రుతుడు గుర్తించాడు; రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలెత్తి చూసే నేటి పరీక్ష దానికి దగ్గరిదే. తుంటి అరుగుదలలో మరొక గుర్తు. తొడను, మోకాలిని మడిచి పాదాన్ని బయటి వైపునకు జరిపితే కీలు పట్టేస్తుంది, గజ్జలో నొప్పి లేస్తుంది. బాసింపట్టు వేసుకొని కూర్చోలేకపోవడం కూడా ఇంట్లోనే కనిపించే తొలి సూచనలలో ఒకటి. పూజ పీట మీద నుండి కుర్చీలోకి మారిన పెద్దలను ‘వయస్సు వచ్చింది’ అని వదిలివేస్తాము కానీ, ఎందుకు మారారో అడగము.

జర్మన్ శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ 1895లో చెప్పిన పరీక్ష మరీ తేలిక. రోగి ఒంటికాలిపై నిలబడితే వైద్యుడు వెనుక నుండి చూస్తాడు. ఆనిన కాలి వైపు పిరుదు కండరాలు బలహీనమైతే, ఎత్తిన కాలి వైపు కటి కిందికి జారుతుంది. అర నిమిషం పని. ఆ అర నిమిషం వెచ్చించని వైద్యుడు నెలరోజుల మందు ఎలా కట్టి ఇస్తాడు?

స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారిలో, మద్యపానం మితిమీరినవారిలో తొడ ఎముక తలకు రక్తం అందక అది క్రమంగా కుంగిపోవచ్చు. 2021లో కోవిడ్ తరువాత ఇటువంటి కేసులు మన దేశంలో నమోదయ్యాయి. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు, ఎం.ఆర్.ఐ.లో బయటపడుతుంది. పేరూ పొందికా లేని ‘కీళ్ల నొప్పుల పొడి’ రెండు రోజుల్లోనే అద్భుతంగా పనిచేస్తే సంతోషించడానికి ముందు అందులో స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానించడం మంచిది.

వృద్ధులు జారిపడి లేవలేకపోతే, ఒక కాలు పొట్టిగా కనిపించి పాదం బయటికి తిరిగి ఉంటే, మర్దనా వద్దు, కట్టు కూడా వద్దు. పుత్తూరు కట్టు వంటి వాటికి ఉన్న పేరును నేను కాదనను. అయితే తొడ ఎముక మెడ కట్టుకు అందే చోటు కాదు. తలకు రక్తం మోసే నాళాలు ఆ మెడ వెంబడే పోతాయి. కాలు కదలకుండా ఆసుపత్రికి చేర్చాలి.

ఇక స్త్రీల సంగతి. సిగ్గు కొద్దీ వారు చెప్పరు, మొహమాటం కొద్దీ వైద్యుడు చూడడు. కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలతో సరిపెడతారు. కాన్పు తరువాత నెలల తరబడి పిరుదుల నొప్పితో పనులు చేసుకొనే కోడళ్లు ఇందువల్లనే మిగిలిపోతున్నారు. తల్లో, అత్తగారో పక్కన నిలబడి, దుప్పటి కప్పి, బల్ల మీద పడుకోబెట్టి కీలు కదిపి చూడమని అడగవచ్చు. వైద్యురాలు దొరికితే మరీ మంచిది.