కొల్లేరు ఖాళీ జాగా కాదు

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ సింగ్‌నగర్‌లో రోజుల తరబడి నీళ్ల మధ్య గడిపిన వాళ్లకు బుడమేరు వాగు అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ వరదకు కారణాలు చాలానే ఉన్నాయి. కుండపోత వాన, మళ్లింపు కాలువకు పడిన గండ్లు, ఏటి దారిలో లేచిన ఇళ్లు. వీటన్నిటి మీదా చర్చ జరిగింది. ఆ నీరు చివరికి చేరాల్సిన కొల్లేరు సరస్సు గురించి మాత్రం తక్కువ మాట్లాడుకున్నాం.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ సహజంగా ఏర్పడిన పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు అక్కడికే దిగుతాయి. ఉరుకుతూ వచ్చిన నీరు విశాలంగా పరుచుకుని నెమ్మదిస్తుంది. ఒండ్రు అడుక్కి చేరుతుంది. తుంగ, జమ్ము మురికిని కొంత పట్టి ఉంచుతాయి. ఆ తర్వాత సుమారు అరవై కిలోమీటర్ల ఉప్పుటేరు గుండా నీరు నిదానంగా సముద్రంలో కలుస్తుంది. కొల్లేట్లో నీరు తగ్గితే అదే ఉప్పుటేరులోంచి సముద్రపు నీరు ఎగదన్ని, చుట్టుపక్కల పొలాలకూ తాగునీటికీ ఉప్పు తగులుతుంది. అంటే ఈ సరస్సు వానాకాలంలో వరదనూ, ఎండాకాలంలో ఉప్పునూ ఆపుతోంది. ఇంత పని చేసే చోటును మన లెక్కల్లో ఇంకా ఖాళీ జాగాగానే చూస్తున్నాం.

సరస్సు లోపలే వేసిన గట్ల మీద ఒకసారి నిలబడి చూడండి. ఒక పక్క నిండుగా చేపల చెరువు. రెండో పక్క గుర్రపుడెక్క కమ్మేసిన ఇరుకు కాలువ. కొల్లేట్లోకి రావాల్సిన ప్రవాహమంతా ఆ సందులోంచే దారి వెతుక్కోవాలి. చెరువుల్లో మిగిలిన మేతా, ఎరువులూ, మందులూ కూడా ఆ నీళ్లలోకే. ఒకప్పుడు కొల్లేటి నీళ్లే తాగిన లంక గ్రామాల వాళ్లు ఇప్పుడు క్యాన్లు కొనుక్కుంటున్నారు.

నేల ఎత్తును సూచించే ఐదో కాంటూరు గీత వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు దక్కింది. 2006లో ప్రభుత్వమే చెరువు గట్లు కొట్టించింది. ఆ తర్వాత చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలన్న డిమాండు మాత్రం ప్రతి ప్రభుత్వం ముందుకూ వస్తూనే ఉంది. కాగితం మీద గీత జరిపినంత మాత్రాన వరద తన మట్టం మార్చుకోదు. కుదింపు ఆలోచనను పూర్తిగా వదిలేయాలన్నది నా నిశ్చితాభిప్రాయం.

ఈ అభయారణ్యంలోని పక్షుల కోసం మనుషుల పొట్ట కొడతారా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. కొల్లేటి ఆటపాక పక్షుల కేంద్రంలో చెట్లు చాలక, అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు పుల్లలు పేర్చుకుని పిల్లల్ని చేస్తాయి. అవి బతకాలంటే చేప కావాలి, చేపకు పారే నీరు కావాలి. వలలూ మావులూ వేసి కొర్రమీను, ఇంగిలాయి, జెల్ల పట్టుకుని బతికిన కుటుంబాలకు కావాల్సిందీ అదే నీరు. గట్లు లేచాక ఆ కుటుంబాల్లో ఎంతోమంది, తామే ఒకనాడు వల వేసిన చోట కూలికి వెళ్లాల్సి వచ్చింది. చెరువుల లీజుల లాభం ఎక్కువగా బయటి పెట్టుబడికే పోయింది. పక్షికీ పేదకూ ఇక్కడ తగవు లేదు. ఇద్దరూ నష్టపోయింది ఒకే గట్టు వల్ల.

జిరాయితీ భూములున్న చిన్న రైతుల గోడు నిజమైనదే. కాంటూరు లోపల పట్టా ఉన్నవాళ్లకు ఏళ్ల తరబడి న్యాయమైన పరిహారం అందకపోవడం వల్లే వాళ్లు కుదింపు వాదం వైపు వెళ్తున్నారు. ముందు వాళ్ల డబ్బు వాళ్లకివ్వాలి. ప్రవాహానికి అడ్డున్న గట్లు తీసేయాలి, ఉప్పుటేరు పూడిక తీయాలి, సరస్సులో చేపలు పట్టుకునే హక్కు లంకల్లోని సంప్రదాయ మత్స్యకారులకే ఉండాలి. ఏలూరు, కైకలూరు, విజయవాడ ఓటర్లకు నా విన్నపం ఒకటే: ఈసారి ఓటడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ ఐదో కాంటూరుపై తన మాటేమిటో సూటిగా అడగండి.