గడిచిన సమయం వేరు, పనిచేసిన సమయం వేరు

“సర్, నా సి ప్రోగ్రామ్ ఎంత టైం తీసుకుందో క్లాక్ ఫంక్షన్‌తో కొలుస్తున్నాను. పరీక్ష కోసం మధ్యలో స్లీప్ పెట్టి 5 సెకన్లు ఆపాను. ఇంట్లో విండోస్‌లో 5 వస్తోంది. కాలేజీ ల్యాబ్‌లో లైనక్స్ మీద సున్నా వస్తోంది. ఎల్లుండే ప్రాజెక్టు చూపించాలి. తప్పెక్కడ?” అని ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని అడిగారు.

కంగారు పడకండి. ఇక్కడ రెండు చిక్కులున్నాయి.

మొదటిది భాగహారం. రెండు రీడింగుల తేడాని ‘క్లాక్స్ పర్ సెక్’తో భాగిస్తాం కదా. లైనక్స్‌లో దాని విలువ 10,00,000. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే సి భాష దశాంశాల్ని వదిలేస్తుంది. అర సెకను కూడా సున్నాయే అవుతుంది! అందుకని భాగించే ముందే తేడాని డబుల్‌గా మార్చండి.

అలా మార్చినా 5 రాదు. 0.0001 లాంటిదేదో వస్తుంది. అసలు చిక్కు ఇదే. పప్పు కుక్కర్‌లో పెట్టి, మూడు విజిల్స్ వచ్చేదాకా పేపర్ చదువుతూ కూర్చున్నామనుకోండి. వంటకి పట్టింది అరగంట. మన చేతులు పనిచేసింది ఐదు నిమిషాలు. లైనక్స్‌లో క్లాక్ ఆ ఐదు నిమిషాల్నే లెక్కేస్తుంది. అంటే ప్రాసెసర్ మీ ప్రోగ్రామ్ కోసం పనిచేసిన సమయాన్నే చెబుతుంది. స్లీప్‌లో ఉన్న 5 సెకన్లు దాని లెక్కలోకి రావు. మైక్రోసాఫ్ట్ సి లైబ్రరీలో మాత్రం అదే పేరున్న ఫంక్షన్ మొత్తం గడిచిన సమయం ఇస్తుంది. అందుకే ఇంట్లో సరిపోయింది.

మరి ఏం వాడాలి? టైమ్ ఫంక్షన్‌కి సెకను కంటే చిన్న తేడా తెలియదు. గెట్‌టైమ్‌ఆఫ్‌డే మైక్రోసెకన్లు చెబుతుంది గానీ, మధ్యలో ఎవరైనా సిస్టం టైం మారిస్తే లెక్క తప్పుతుంది. కాబట్టి ‘క్లాక్_గెట్‌టైమ్’ని ‘క్లాక్_మోనోటోనిక్’తో పిలవండి. ఆ గడియారం వెనక్కి నడవదు. అది సెకన్లు, నానోసెకన్లు విడివిడిగా ఇస్తుంది. సెకన్ల తేడాకి, నానోసెకన్ల తేడాని వంద కోట్లతో భాగించి కలపండి. నానోసెకన్ల తేడా ఒక్కటే తీసుకుంటే ఒక్కోసారి మైనస్ వచ్చి, మళ్ళీ నాకే రాయాల్సొస్తుంది!

పాత క్లాక్ లైన్లు కొట్టేయకండి. రెండు అంకెలూ పక్కపక్కన ప్రింట్ చేయండి. గడిచింది 5, పనిచేసింది దాదాపు సున్నా అంటే, ప్రోగ్రామ్ బరువైన లెక్కలేం చేయట్లేదు, దేనికోసమో ఎదురు చూస్తోందన్నమాట. ఎల్లుండి అడిగితే ఇదే చెప్పండి. తప్పు సరిదిద్దడమే కాదు, అది ఎందుకొచ్చిందో కూడా మీకు తెలిసిందని వాళ్ళకి అర్థమవుతుంది.