మూసియున్న తలుపు



మన పల్లెల నుండి కువైట్‌కు పనికి వెళ్లేవారు, యెరూషలేము యాత్రకు వెళ్లేవారు ఇప్పుడు విమానమెక్కుచున్నారు. పిల్లలు వెంట ఉంటే, పైలట్లు కూర్చుండే ముందు గదిని, అనగా కాక్‌పిట్‌ను, ఒక్కసారి చూడాలని ఆశపడుట సహజమే. విమానము గాలిలో ఉండగా ఎవరినీ అలా చూడనివ్వరు. నేలమీద ఆగియున్నప్పుడు పైలట్‌కు తీరిక ఉంటే కొన్నిసార్లు చూపిస్తారు. సిబ్బందిని మర్యాదగా అడుగవచ్చును. కాదంటే నొచ్చుకొనకూడదు.

పూర్వము ఇంత కట్టడి లేదు. అనేక దేశముల విమానములలో ప్రయాణము మధ్యలోనే పిల్లలను లోపలికి పిలిచి చూపించేవారు. 2001 సెప్టెంబరు 11న అమెరికాలో దుండగులు నాలుగు విమానములను వశపరచుకొని వేలమంది ప్రాణములు తీసిన తరువాత, ఆ తలుపులను తూటాలకు కూడ లొంగనంత గట్టిగా చేసి, లోపలనుండి మూసియుంచుచున్నారు.

అయితే శత్రువు చేతనే కాదు, ప్రేమ చేత కూడ అక్కడ కీడు కలుగగలదు. 1994 మార్చి 23న మాస్కో నుండి హాంకాంగ్ వెళ్లుచున్న రష్యా విమానములో ఒక పైలట్ తన కూతురిని, కుమారుని లోపలికి పిలిచి, ఒకరి తరువాత ఒకరిని తన సీటులో కూర్చోబెట్టాడు. ఆటోపైలట్ అనే యంత్రము విమానమును నడుపుచున్నది గనుక ఏమీ కాదనుకొన్నాడు. పిల్లవాడు స్టీరింగును కొంతసేపు బలముగా తిప్పి పట్టుకొనగా ఆ యంత్రపు పట్టు కొంత వదలిపోయినది. చిన్న దీపము వెలిగినది గాని గంట మ్రోగలేదు, ఎవరూ గమనించలేదు. విమానము ప్రక్కకు ఒరిగి, అదుపు తప్పి, సైబీరియా అడవులలో కూలినది. 75 మందిలో ఒక్కరును మిగులలేదు.

ఆ తండ్రి దుర్మార్గుడు కాడు. బిడ్డలను సంతోషపెట్టాలనుకొన్నాడు. కాని ఆ సీటు అతని సొత్తు కాదు. వెనుక కూర్చున్నవారు నమ్మి అప్పగించినది.

మన దేశములో 2023 ఫిబ్రవరిలో దుబాయి నుండి ఢిల్లీ వచ్చుచున్న విమానములో ఒక పైలట్ తన స్నేహితురాలిని కాక్‌పిట్‌లోనికి రానిచ్చాడు. ప్రమాదమేమీ జరుగలేదు. అయినను అధికారులు ఎయిర్ ఇండియాకు 30 లక్షల రూపాయల జరిమానా వేసి, ఆ పైలట్ లైసెన్సును మూడు నెలలు నిలిపివేశారు.

సమూయేలు మొదటి గ్రంథములోని యాజకుడైన ఏలీని జ్ఞాపకము చేసికొనండి. కుమారులను మందలించాడే గాని దేవుని సేవలోనుండి తొలగించలేదు. నష్టము ఆ ఇంటితో ఆగలేదు; ఇశ్రాయేలంతయు ఏడ్చినది.

మనకు విమానములు లేకపోవచ్చును. ట్రాక్టరు ఉన్నది. వెనుక ట్రక్కులో కూలివారు కూర్చునియుండగా పన్నెండేళ్ల కుమారునికి స్టీరింగు ఇచ్చి మురిసే తండ్రులున్నారు. ఆటోలో డ్రైవరుకు ఇరుప్రక్కల మనుష్యులను ఇరికించుట చూచుచున్నాము. మనమే అక్కడ కూర్చుండుచున్నాము. సంఘపు కానుకల పెట్టె తాళపుచెవి మన అల్లుని చేతికి, బావమరిది చేతికి, లెక్క లేకుండ పోవుచున్నది. "మనవాడే గదా" అన్న మాటతోనే ఇవన్నియు జరుగుచున్నవి.

గృహనిర్వాహకుడు నమ్మకమైనవాడై యుండవలెను. బిడ్డలను ప్రేమించుదము. ఇతరుల ప్రాణము, దేవుని సొమ్ము మన చేతిలో ఉన్నప్పుడు, ఆ ప్రేమతోనే వారికి "వద్దు నాయనా" అని చెప్పుదము. అట్టి ధైర్యమును ప్రభువు ప్రతి తండ్రికి, తల్లికి దయచేయును గాక. ఆమేన్.