కట్టడమే కాదు... విప్పడమూ చూడాలి!

ఏటా వేసవిలో మా ఇంట్లో ఓ యుద్ధం జరుగుతుంది. అమెరికాలో ఉన్న తమ్ముడికి ఆవకాయ పంపే యుద్ధం. సేనాధిపతి మా అమ్మ. ముందు డబ్బా మూత కింద ఓ ప్లాస్టిక్ కవరు. మూత పెట్టాక పైన మరో కవరు. దాని చుట్టూ టేపు. టేపు మీద పాత తువ్వాలు. దాని మీద మళ్లీ టేపు. ‘ఇంతెందుకమ్మా?’ అంటే, ‘దార్లో నూనె కారి వాడి బట్టలన్నీ పాడైతే?’ అంటుంది.

కిందటిసారి వాడు వెళ్లిన మర్నాడు ఫోన్ చేశాడు. ‘ఊరగాయ ఎలా ఉందిరా?’ అని అమ్మ ఆత్రంగా అడిగింది.

‘ఊరగాయ సంగతి తర్వాతమ్మా... ముందు ఆ మూట విప్పే మంత్రం చెప్పు. గంట నుంచీ కుస్తీ పడుతున్నా. ఎదురుగా వేడి వేడి అన్నం చల్లారిపోతోంది’ అన్నాడు.

అందరం నవ్వుకున్నాం. మా తమ్ముడికి చల్లారింది అన్నమే కాబట్టి నవ్వు వచ్చింది. కానీ సరిగ్గా ఇలాంటి చిక్కే ఒకప్పుడు యుద్ధభూమిలో ఉన్న సైనికుల ప్రాణాల మీదికి వచ్చింది. దాన్ని పసిగట్టి, పరిష్కారం చెప్పి, దేశాధ్యక్షుడి దాకా వెళ్లి సాధించింది కూడా ఓ అమ్మే!

తుప్పు కూడా శత్రువే

యుద్ధం అనగానే మనకు తుపాకులు, ట్యాంకులు, విమానాలు గుర్తొస్తాయి. వాటిని పెట్టి పంపే పెట్టెలు ఎవరికీ గుర్తురావు. కానీ తుపాకీ తయారైన ఊరు ఒకటి, అది పేలాల్సిన చోటు మరొకటి. మధ్యలో వేల మైళ్ల ప్రయాణం, నెలల తరబడి నిల్వ. విశాఖలో సముద్రం ఒడ్డున ఇల్లున్నవాళ్లను అడగండి... కిటికీ ఊచలకు రంగు వేసిన కొన్నాళ్లకే తుప్పు ఎలా తొంగిచూస్తుందో చెబుతారు. ఓడ అడుగున నెలల తరబడి ఉప్పుగాలి పీల్చిన తుపాకీ గతి ఏమిటో ఊహించుకోవచ్చు.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికాకు ఈ పాఠం పసిఫిక్ దీవుల్లో బాగా తెలిసొచ్చింది. అక్కడ చాలాచోట్ల రేవుల్లేవు. సరుకును పడవల్లో తెచ్చి ఇసుక మీద దింపేవారు. పైన ఎడతెగని వాన, కింద కెరటాలు. అట్టపెట్టెలు నానిపోయేవి. వాటి మీద రాసిన అక్షరాలు చెరిగిపోయి, ఏ పెట్టెలో ఏముందో తెలిసేది కాదు. లోపలి ఇనుముకు తుప్పు, తోలుకు బూజు. తడిసిన తూటా, తుప్పు పట్టిన తుపాకీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే కదా!

అందుకే తుపాకులకు కాస్మోలిన్ అనే చిక్కటి గోధుమరంగు జిడ్డు దట్టంగా పట్టించేవారు. తూటాల డబ్బాలకు అంటుపట్టీ వేసి, పైన మైనం పూత పూసేవారు. నీళ్లు లోపలికి పోకుండా చూడటమే అప్పటి లక్ష్యం. అది బాగానే నెరవేరింది. ఎటొచ్చీ ఇంకో సంగతి ఎవరికీ తట్టలేదు... డబ్బాను మూసేవాడు కర్మాగారంలో తీరిగ్గా మూస్తాడు. తెరిచేవాడు మాత్రం తూటాల వర్షంలో తెరవాలి!

ఆ తోక తెగితే...

ఆ సంగతి తట్టింది వెస్టా స్టౌట్‌కి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో గ్రీన్ రివర్ ఆయుధ కర్మాగారంలో ఆమె కార్మికురాలు. రైఫిల్ గ్రెనేడ్లను ప్రయోగించే తూటాలను డబ్బాల్లో సర్దడం, సర్దినవాటిని తనిఖీ చేయడం ఆమె పని. ఇద్దరు కొడుకులు నౌకాదళంలో ఉన్నారు. కాబట్టి ఆమెకు ప్రతి డబ్బా మీదా తన బిడ్డ పేరు రాసినట్టే అనిపించి ఉంటుంది.

ఆ డబ్బాల మూతల చుట్టూ పల్చటి కాగితం టేపు అంటించేవారు. లాగి తెరవడానికి వీలుగా దాని చివర చిన్న తోక వదిలేవారు. తర్వాత డబ్బా మొత్తాన్నీ మైనంలో ముంచేవారు. నీళ్లు చొరబడే ప్రసక్తే లేదు. కానీ ఆ తోకను పట్టుకుని లాగితే, టేపు ఊడిరావడానికి బదులు తోక కాస్తా పుటుక్కున తెగి చేతిలోకి వచ్చేది. ఇక మైనం గీకాలి, గోళ్లతోనో కత్తితోనో టేపు అంచు వెతకాలి. ఎదురుగా శత్రువు ఉన్నప్పుడు అంత తీరిక ఎక్కడిది?

వెస్టా ఊరికే బాధపడి ఊరుకోలేదు. ‘కాగితం బదులు గట్టి గుడ్డతో చేసిన టేపు వాడితే? నీళ్లూ చొరబడవు, లాగితే ఒక్క ఊపున వచ్చేస్తుంది’ అని పైవాళ్లకు చెప్పింది. మంచి ఆలోచనే అన్నారు. కానీ పని మాత్రం ముందుకు కదల్లేదు. ‘చూద్దాం’ అన్నమాట ఏ దేశంలోనైనా ఒకటే కాబోలు!

రాష్ట్రపతికే రాసేసింది

1943 ఫిబ్రవరి 10న ఆమె కాగితం, కలం తీసుకుని ఏకంగా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కే ఉత్తరం రాసింది. మనలో ఒకరు కష్టం చెప్పుకోవడానికి నేరుగా రాష్ట్రపతికి రాసినట్టన్నమాట. డబ్బా ఎలా ఉంటుందో, టేపు ఎక్కడ తెగుతుందో, తాను చెబుతున్న మార్పు ఏమిటో బొమ్మలు గీసి మరీ చూపించింది. ఆ డబ్బా తెరవడానికి పట్టే ఒకటి రెండు నిమిషాల్లో నిలబెట్టుకోగలిగిన ప్రాణాలు పోతాయని వివరించింది. తన కొడుకులు ఇద్దరూ యుద్ధంలో ఉన్నారని చెప్పి, మీ బిడ్డలు కూడా సైన్యంలోనే ఉన్నారు కదా అని గుర్తుచేసింది. నిజమే, అప్పటికి రూజ్‌వెల్ట్ నలుగురు కొడుకులూ సైన్యంలోనే పనిచేస్తున్నారు. ఓ తల్లి రాసిన ఉత్తరాన్ని ఓ తండ్రి చదివినట్టయింది!

ఉత్తరం వైట్‌హౌస్ నుంచి యుద్ధ ఉత్పత్తుల మండలికి వెళ్లింది. కొద్ది వారాల్లోనే ఆమెకు జవాబొచ్చింది... సూచన బాగుంది, ఆమోదించామని. తయారీ బాధ్యత జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థకు అప్పగించారు. గాయాలకు అంటించే పట్టీలు తయారుచేసిన అనుభవం ఆ సంస్థకు ఉండనే ఉంది. ముతక నూలు గుడ్డ, ఒకవైపు జిగురు, రెండోవైపు నీరు దిగని పూత. సైనిక ఆకుపచ్చ రంగు. గట్టిగా పట్టుకుంటుంది. అయినా కత్తెర అక్కర్లేకుండా చేత్తోనే చించొచ్చు. షికాగో ట్రిబ్యూన్ పత్రిక వెస్టాకు యుద్ధకాలపు కార్మికులకిచ్చే పురస్కారం అందించింది. 1966లో ఆమె కన్నుమూసింది.

సైనికులు ఆ టేపును డబ్బాలకే పరిమితం చేయలేదు. జీపులకు, గుడారాలకు, బూట్లకు... దేనికి పడితే దానికి అంటించేశారు. యుద్ధం ముగిశాక అదే టేపు వెండిరంగు వేసుకుని ఇళ్లలోకి వచ్చింది. ఇప్పుడు మనం హార్డ్‌వేర్ దుకాణంలో కొనే డక్ట్ టేప్ అదే. 1970 ఏప్రిల్‌లో అపోలో-13 అంతరిక్షనౌకలో ప్రమాదం జరిగి, ముగ్గురు వ్యోమగాములు పీల్చే గాలి విషతుల్యమవుతుంటే, ప్లాస్టిక్ సంచులు, అట్టముక్కలు, ఇదే తరహా టేపుతో గాలిని శుభ్రపరిచే ఏర్పాటు చేసుకుని బతికి బయటపడ్డారు. ఓ అమ్మ ఆలోచన అంతరిక్షంలోనూ అక్కరకొచ్చింది.

చెప్పుల డబ్బాలో సిపాయి

టేపు సంగతి అలా ఉంచండి. కొత్త చెప్పులు, హ్యాండ్‌బ్యాగు కొన్నప్పుడు లోపల ‘తినకూడదు’ అని రాసి ఉన్న చిన్న పొట్లం కనిపిస్తుంది కదా! అదీ సైన్యంలో పనిచేసి వచ్చిందే. పేరు సిలికా జెల్. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు వాల్టర్ పాట్రిక్ 1919లో దీని తయారీకి పేటెంట్ పొందారు. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువుల నుంచి కాపాడే ముసుగుల్లో, రెండో ప్రపంచయుద్ధంలో పెన్సిలిన్ మందుకు, సైనిక పరికరాలకు తేమ తగలకుండా వాడారు.

చూడటానికి సగ్గుబియ్యంలా ఉండే ఆ పూసల నిండా కంటికి కనిపించని రంధ్రాలే. ఒక్క గ్రాము పూసల్లోని లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే, రెండు మూడు ఇళ్ల స్థలాలంత వైశాల్యం వస్తుంది. గాలిలోని తేమంతా వెళ్లి ఆ గోడలకు అతుక్కుంటుంది. ఉప్పు జాడీలో నాలుగు బియ్యపు గింజలు వేసే మన బామ్మల కిటుకు లాంటిదే ఇదీనూ! అయితే చిన్నపిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి. గొంతుకు అడ్డం పడొచ్చు. పైగా తేమ తగిలితే గులాబీ రంగులోకి మారే నీలం పూసల్లో కోబాల్ట్ రసాయనం ఉంటుంది. అది మంచిది కాదు.

యుద్ధనౌకకూ వాసెన!

ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు, ఏకంగా యుద్ధనౌకలకే వాసెన కట్టారంటే నమ్ముతారా? 1945లో యుద్ధం ముగిసేసరికి అమెరికా దగ్గర వేల ఓడలు మిగిలాయి. మళ్లీ అవసరం పడితే? అందుకని ఎన్నో ఓడలను భద్రపరిచారు. యంత్రాలకు జిడ్డు పూసి, తలుపులూ రంధ్రాలూ మూసేసి, లోపలి గాలిలోని తేమను యంత్రాలతో తీసేశారు. గాలిలో తేమ 40 శాతం లోపు ఉంటే ఇనుము తుప్పు పట్టడం దాదాపు ఆగిపోతుంది మరి. పైనున్న చిన్న ఫిరంగులకు పట్టుపురుగు గూడులా ప్లాస్టిక్ పొర కప్పారు.

‘న్యూజెర్సీ’ అనే భారీ యుద్ధనౌకను 1948లో అలా పక్కన పెట్టారు. కొరియా యుద్ధం రాగానే 1950లో నిద్రలేపారు. ఆ తర్వాత 1968లో ఒకసారి, 1982లో మరోసారి అది విధుల్లోకి వచ్చింది. అంత పెద్ద ఓడ మళ్లీ మళ్లీ పనికొచ్చిందంటే, దాచినవాళ్లు విప్పబోయే రోజును కూడా ముందే ఆలోచించారన్నమాట.

ఈ కథలో మన హైదరాబాద్‌కూ చోటుంది. ఇక్కడి అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లేబొరేటరీ రూపొందించిన అగ్ని-5 క్షిపణిని 2015 జనవరి 31న ఒడిశా తీరంలోని దీవి నుంచి తొలిసారి కానిస్టర్‌లోంచే ప్రయోగించారు. కానిస్టర్ అంటే గాలి, తేమ చొరబడకుండా మూసిన పొడవాటి గొట్టం. దాదాపు 50 టన్నుల క్షిపణి అందులోనే భద్రంగా ఉంటుంది, అందులోనే ప్రయాణిస్తుంది, సమయం వస్తే బయటికి తీసే పనిలేకుండా అందులోంచే ఎగురుతుంది. దాచే పెట్టే ప్రయోగించే పరికరం కూడా అయింది. మూత తీయడానికి ఒక నిమిషం పట్టినా ఎక్కువేనన్న వెస్టా బాధ కూడా ఇదే కదా!

జాగ్రత్త అంటే గట్టిగా బిగించడమే అనుకుంటాం. అది సగం జాగ్రత్తే. అవతలివాళ్లు ఏ స్థితిలో, ఎంత తొందరలో, ఏ చేతులతో విప్పుతారో ఆలోచించడం మిగతా సగం. మొదటి సగం కర్మాగారానికి తెలుసు. రెండో సగం ఆ అమ్మకు తెలిసింది.

ఈ కథంతా మా అమ్మకు చెప్పాను. ‘పాపం, పిచ్చితల్లి... ఎంత తల్లడిల్లి ఉంటుందో’ అని కాసేపు మౌనంగా కూర్చుంది. మొన్న మళ్లీ ఆవకాయ మూట కట్టింది. అవే కవర్లు, అదే తువ్వాలు, అన్ని చుట్లూ టేపు. ఒక్కటే తేడా. ఆఖరున టేపు కొసను రెండుసార్లు మడిచి, వేలికి అందేంత తోక వదిలింది. గట్టిగా ఉందో లేదో తనే ఒకసారి లాగి చూసుకుంది.